మంజుల కొలిచి పెట్టిన బువ్వ

ఈ కబురు నాకు ముందుగాల తెచ్చింది సైదమ్మ. మిర్యాలగూడలో మా అక్క ఇంటి పక్కన ఉంటది, ఆ వాడకట్టుకు పాలు పోస్తది. మా ఊర్లో వాళ్ల చుట్టాల పెండ్లికి వచ్చి, బువ్వ తిన్నంక, మా ఇల్లు యాడని అడుగుకుంట మా ఇంటి దాకా నడిచొచ్చింది. అరుగు మీద కూసోబెట్టి మంచినీళ్లు ఇచ్చిన. తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, "నీకు ఎవ్వరు చెప్పినట్టు లేదు. నేను చెప్తే పాపమో పుణ్యమో నాకు తెల్వది" అని మొదలుపెట్టింది.

అక్క పోయి అప్పటికి రెండు నెలలు దాటింది. కాబట్టి సైదమ్మ తెచ్చింది చావు కబురు కాదు. అక్క ఎందుకు పోయిందో ఆ కబురు.

మా అక్క పేరు నర్సమ్మ. నాకంటే ఏడేండ్లు పెద్దది. మా అమ్మ జీవాల వెంట పోతే నన్ను సంకనేసుకుని పెంచింది అక్కనే. నేను బడికి పోలేదు. మా నాయిన భజన పుస్తకం ముందల పెట్టి నాకు అక్షరాలు నేర్పితే, పక్కన కూసుని వేలు జరిపింది కూడ అక్కనే. ఆమె కొడుకు శ్రీను మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేస్తడు. కోడలు మంజుల. అక్క నిండు మనిషి. జీవాలు కాసే మా ఇండ్లల్లో మనిషి నిండుగ ఉంటే ఇల్లు నిండుగ ఉన్నట్టు. కాని పాత ఆపరేషన్ కుట్టు కాడ పేగు బయటికి పొడుచుకొచ్చింది. హెర్నియా అంటరు. పదిహేను కిలోలు తగ్గినంకనే కోస్తనని డాక్టరు చెప్పిండట. నేను పరేషాన్ అయితనని అక్క ఈ మాట నాకు చెప్పలేదు.

మంజుల ఏదీ మాన్పించలేదట. అక్కకు ఇష్టమైనవన్నీ వండింది, కాని కొలిచి పెట్టింది. ముందు గ్లాసెడు పల్చటి మజ్జిగ. చిన్న గిన్నెతోని ఒక గిన్నె అన్నం, దాని పక్కన రెండింతలు కూర. ఐతారం నాడు మాంసం నాలుగు ముక్కలు, అందులో ఒకటి మూలుగ బొక్క. అది ఆఖరుకు వెయ్యాలె. బొక్క జుర్రుకునే సరికి కొంచెం సేపు పడతది, కడుపు నిండిన సంగతి ఆ లోపల మనిషికి తెలుస్తది. అరిసె చేస్తే సగం ఇయ్యాల, సగం రేపు. "ఎక్కువ తిన్ననాడు నాకు దాని రుచే తెల్వలేదే సైదమ్మా, ఇప్పుడు తెలుస్తంది" అని అక్క నవ్వేదట. పదకొండు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గింది.

ఇంక మూడు కిలోలు ఉన్నయనంగ నేను పోయిన.

శ్రావణంలో శ్రీను బిడ్డకు చీర కట్టించిన్రు. ఆ ఫంక్షన్‌కు పోయి అక్కను చూసిన. దవడలు తేలినయి, జాకెట్ వదులైంది. బంతిలో కూసుంటే అందరి ముందర అన్నం కుప్పలు, మా అక్క ముందర ఒక్క గిన్నెడు. మా ఇండ్లల్లో అన్నం లెక్కపెట్టరు. ఎంత కావాలని అడగరు, ఇంతే అని పెట్టరు. లెక్కపెడితే బర్కత్ పోతది, ఇల్లు నిండదు అని మా అమ్మ అనేది. అత్త చిక్కిపోతే ఆ మచ్చ కోడలి మీదనే పడతది. ఇవన్నీ నెత్తిన పెట్టుకుని, యాభై మంది వినంగ నేను అన్న:

"మా అక్కకు బువ్వ కొలిసి పెడుతున్నవా, మంజులా? రైస్ మిల్లుల పనిచేసేటోని ఇంట్ల బియ్యానికి కరువొచ్చిందా?"

ఎవరో నవ్విన్రు. మంజుల చేతిలో గంటె ఆగిపోయింది. అక్క, "గట్ల కాదే, నేనే..." అని ఏదో చెప్పబోయి, కోడలి మొఖం చూసి, మంది మొఖాలు చూసి, పళ్లెం ముందుకు చాపింది. "పెట్టు బిడ్డా, నిండుగ పెట్టు" అన్నది. మా అందరి ముందర మొత్తం తిన్నది. సమయానికి నన్ను తోలిచ్చినవు స్వామీ అని నేను నరసింహస్వామికి దండం పెట్టుకున్న. రాయడానికి సిగ్గయితంది, కాని రాయాలె.

నా మాట వాడకట్టంత పాకింది. అక్కను చూడొచ్చేటోళ్లు ఎక్కువైన్రు. ఎవరొచ్చినా కోడలికి మాట రావొద్దని అక్క నిండు పళ్లెం తిన్నది. శ్రీను కూడ, ఇగ కొలుచుడు బంద్ చెయ్యి, మందిలో తలెత్తుకోలేకపోతున్న అన్నడట. పోయిన కిలోలు తిరిగొచ్చినయి. ఆపరేషన్ వెనక్కి పోయింది. మాఘంలో ఒకనాడు పొద్దుగాల ఆ పేగు మెలిపడ్డది. దవాఖానకు తీసుకపోయిన్రు, కోసిన్రు, మూడోనాడు అక్క పోయింది.

దినాలకు పోయినప్పుడు మంజుల నాతో మాట్లాడలేదు. తప్పు చేసిన మనిషికి నోరెట్ల వస్తది అనుకున్న. ఆ తప్పు చేసిన మనిషి నేనేనని నాకు తెలవలేదు.

సైదమ్మ ఇదంత చెప్పి, నా చెయ్యి ఒకసారి పట్టుకుని లేచిపోయింది. ఆమెకు నేను రుణపడి ఉన్న. పెండ్లికి వచ్చి కూడ చేదు మాట మోసుకుని ఇంకొకరి ఇంటి దాకా నడిచొచ్చేటోళ్లు ఎంతమంది ఉంటరు? నాలుగో రోజు నేను బయలుదేరిన. మంజుల ముందర నిలబడి తప్పయిందని చెప్పాలె. పని అంతే. సూర్యాపేట, కోదాడ మీలో శానామంది హైదరాబాదు, విజయవాడ పోయే బస్సుల కిటికీల నుంచి చూసినోళ్లే. చాయ్ తాగనీకి దిగి ఎక్కినోళ్లే. నేను ఈ తోవలో ఎవరెవరి చేతి బువ్వ తిన్ననో, ఎంత తిన్ననో చెప్తే మీకు పనికొస్తదనే రాస్తున్న.

సూర్యాపేటలో తూకం

మా ఊరు చివ్వెంల దాటినంక కొంచెం లోపలికి ఉంటది. ఆటోలో సూర్యాపేటకు వచ్చిన. మోకాళ్ల నొప్పికి, షుగర్‌కు నేను కూడ దవాఖానకు పోవాల్సి ఉండె. ముందు ఆ పని చూసుకుందామని పోయిన. తూకం మిషన్ ఎక్కితే ఎనభై నాలుగు చూపించింది. చెప్పులు విప్పి మళ్ల ఎక్కిన. ఎనభై నాలుగే. నా వెనక నిలబడ్డ పెద్దమనిషి, "చెప్పులది కాదు తల్లీ, తప్పు మనదే" అన్నడు. ఆయన కూడ చెప్పులు విప్పే ఎక్కిండు.

తిండి గురించి చెప్పే అమ్మాయి ఒక గదిలో కూసుని ఉన్నది. మా పెద్ద బిడ్డ ఈడు ఉంటది. అట్ట మీద పళ్లెం బొమ్మ గీసి, సగం కూరలు, పావు పప్పు, పావు అన్నం అని వేలు పెట్టి చూపించింది. ఒక గిన్నె తీసి, అన్నం దీనితోని కొలుచుకో అమ్మా అన్నది. ఆ గిన్నె చూడంగనే నాకు ఏడుపు ఆగలేదు. ఆ పిల్ల గాబరపడ్డది. అన్నం మానమంటలేను, తగ్గియ్యమంటున్న, పండుగకు పబ్బానికి తినొచ్చు, గింతదానికి ఏడుస్తరా అని సముదాయించింది. అన్నం కోసం కాదు బిడ్డా, ఇది మా ఇంట్లో ఒకామె నీకంటే ముందు చేసి చూపించింది అన్న. ఆమెను అడిగి నేర్చుకో మరి అన్నది ఆ పిల్ల. ఆమె కాడికే పోతున్న అని చెప్పిన.

బస్టాండ్ కాడ మిరపకాయ బజ్జీల వాసన. మా అక్కకు, నాకు ఇద్దరికీ ప్రాణం. ప్లేటు ముప్పై రూపాయలు, నాలుగు వస్తయి. ఒక్కటే ఇయ్యి నాయినా అన్న. బండి ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, ఒక్కటి అమ్మితే నా బండికి మంచిది కాదు, పైసలొద్దు, ఊకెనే తీసుకో అన్నడు. ఉల్లిగడ్డ, నిమ్మకాయ పిండి చేతిలో పెట్టిండు. బెంచీ మీద కూసుని చిన్న చిన్నగ కొరికి తిన్న. నలభై ఏండ్ల నుంచి బజ్జీలు తింటున్న. లోపల వాము, చింతపండు కూరుతరని నాలుకకు తెలిసింది ఆనాడే. కండ్లల్ల నీళ్లొచ్చినయి. మిరపకాయ ఘాటు అనుకున్నరు పక్కనోళ్లు.

కోదాడ బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఆడోళ్లకు టికెట్ లేనప్పటి నుంచి అన్ని బస్సులూ అంతే, మేము దేశం మీద పడ్డమని మగోళ్లు గొణుగుతరు. ఒకామె ఇంత జరిగి నాకు సీటు ఇచ్చింది. నేను కూసున్నంక ఆమె సగం బయటికి వచ్చింది. "అక్కా, నీది జీరో టికెటే గాని సీటు ఒకటిన్నర" అన్నది. బస్సులో ముందోళ్లు వెనకోళ్లు నవ్విన్రు. నేను కూడ నవ్విన. అక్క పోయినంక నేను నవ్వింది అదే మొదలు. ఆమె పేరు అడగలేదు. ఎక్కడున్నా సల్లగుండాలె.

కోదాడలో ఒక్క అట్టు

అక్క బిడ్డ సునీతను కోదాడలో ఇచ్చిన్రు. బైపాస్ కాడ వాళ్లది టిఫిన్ హోటల్. ఆమెను వెంట తీసుకుని మిర్యాలగూడ పోతే మంజుల నా మాట వింటదేమోనని నా ఆశ.

మా దిక్కు నుంచి కోదాడకు గంట కూడ పట్టదు, కాని మాట మారిపోతది. నన్ను చిన్నమ్మ అని పిలిచిన పిల్ల ఇప్పుడు పిన్ని అంటది. సునీత అత్తగారు నన్ను వదినగారూ అంటది, రండి కూర్చోండి అంటది. మా ఇండ్లల్లో చుట్టం రాంగనే కాళ్లకు నీళ్లు ఇస్తరు. వాళ్ల ఇంట్లో ముందు కుర్చీ వేస్తరు, తర్వాత నీళ్లు ఇస్తరు. రెండూ మర్యాదే. పొద్దుగూకితే మేము జొన్నరొట్టె చేసుకుంటం, వాళ్లు అట్లు పోసుకుంటరు. సునీత అత్తగారు నా పళ్లెంలో మూడు పెసరట్లు, వాటి కింద ఉప్మా, పక్కన గరిటెడు అల్లం పచ్చడి పెట్టింది.

నేను ఒక్కటి చాలన్న. ఆమె మొఖం మాడిపోయింది. "ఒక్క అట్టు తిని వెళ్తే మా ఇంటికి మర్యాదా, వదినగారూ? మీ వైపు వాళ్లకి మా వంట నచ్చదా?" అన్నది. అప్పుడు నాకు సమజైంది. తక్కువ తిన్నా ఎవరి మనసన్న నొస్తది, తక్కువ పెట్టినా నొస్తది. ఇన్నేండ్లు మేము కడుపు చూసుకుని తినలేదు, ఎదుటోళ్ల మొఖం చూసి తిన్నం. నేను దాచకుండ చెప్పిన. ఎనభై నాలుగు కిలోల సంగతి, మోకాళ్ల సంగతి, అక్క సంగతి.  ఆ తల్లి రెండు అట్లు తీసేసి, ఉన్నదాన్ని నాలుగు ముక్కలు చేసి, పచ్చడిలో వెన్న కొంచెం కలిపి, తన పళ్లెం కూడ తెచ్చుకుని నా పక్కన కూసున్నది. మెల్లగా తినండి, నేనూ మీతోపాటే తింటా అన్నది. ఇద్దరం ఒక్కొక్క అట్టును పావుగంట తిన్నం. ఆమె తన పెండ్లి నాటి సంగతులు చెప్పింది. అంత తృప్తిగ నేను తిని శానా రోజులైంది. ఆ ఇంటికి అన్నపూర్ణమ్మ చల్లని చూపు ఉండాలె.

మరునాడు పొద్దుగాల సునీత వాకిట్లో నీళ్లు చల్లుతుంటే అడిగిన, నాతోని వస్తవా అని. చెంబు కింద పెట్టింది. తన తల్లి తనకు ఫోన్లో అన్నీ చెప్పిందట. డాక్టరు మాట, మంజుల కొలత, నేను అన్న మాట, అన్నీ.

"మీకు చెప్పొద్దంది పిన్నీ. 'చెల్లెకు చెప్పకే, తెలిస్తే దానికి బతికినన్నాళ్లు బువ్వ దిగది' అంది."

నేను అరుగు మీద కూసున్న. సునీత నా పక్కన కూసుని, ఇంకొక మాట చెప్పింది. అమ్మ చిక్కిపోతుంటే తనకు కూడ మనసులో గుచ్చుకునేదట. ఆనాడు బంతిలో నేను ఆ మాట అంటే, లోపల మంచి పనైంది అనిపించిందట. నిజం తెలిసి కూడ వదిన తరఫున ఒక్క మాట మాట్లాడలేదట. "వదిన ముందు నిలబడే మొహం నాకు లేదు పిన్నీ. మీరు వెళ్లండి" అన్నది. బలవంతం చెయ్యలేదు. ఒక డబ్బాలో రెండు ఇడ్లీలు పెట్టి ఇచ్చింది. రెండే పెట్టింది. ఆ పిల్ల తల నిమిరి బస్సెక్కిన.

నేరేడుచర్లలో ఆగిన బస్సు

హుజూర్‌నగర్ కాడ మట్టంపల్లి దిక్కు పోయే తోవ కనబడ్డది. ఆ దిక్కు కృష్ణ ఒడ్డున నరసింహస్వామి ఉన్నడు. దిగి, దండం పెట్టుకుని, ధైర్యం అడిగి పోదామని మనసు గుంజింది. నాకు తెలుసు, అది భక్తి కాదు, భయం. ముందు మనిషి కాడికి పోవాలె, స్వామి యాడికీ పోడు అనుకుని సీట్లోనే కూసున్న.

నేరేడుచర్లలో బస్సు ఆగిపోయింది. ఏదో బెల్టు తెగిందన్నరు. షేర్ ఆటోలు వచ్చినయి, మనిషి మీద మనిషి ఎక్కిన్రు. నా ఒళ్లు చూసి ఆటో ఆయన, పెద్దమ్మా నీకు వెనక బండి మంచిది అన్నడు. వెనక బండి రాలేదు. ఇడ్లీలు ఎప్పుడో అయిపోయినయి, ఎండ ఎక్కింది, షుగర్ మనిషిని కాబట్టి కండ్లు తిరగబట్టినయి. మిల్లుల ఎదురుంగ ఒక మెస్సు ఉంటే పోయిన. నూరు రూపాయలు, కడుపునిండ ఎంతన్న తినొచ్చు. సగమే పెట్టు, పైసలు మొత్తం తీసుకో అంటే, మెస్సు ఆమె, పైసలు మొత్తం తీసుకుని సగం పెడితే నన్ను దొంగ అంటరు, తిన్నంత తిని పో అన్నది. మళ్ల అదే సంగతి. పెట్టే చెయ్యికి ఎప్పుడూ నింద భయం.

నా ఎదురుంగ ఒక ముసలి హమాలీ కూసుని ఉన్నడు. భుజం మీద తువ్వాల, ఒంటి నిండ ఊక దుమ్ము. నా పళ్లెంలో అన్నానికి నాలుగింతలు పెట్టించుకుని, పప్పు పోసుకుని, నిమ్మళంగ తింటున్నడు. సన్నగ, ఎండుకట్టె లెక్క ఉన్నడు. రోజూ ఇంత తింటవా తాతా అని అడిగిన. ఆయన ముద్ద మింగి, వేళ్లు జాడించి చెప్పిండు:

"బస్తా మోసిన నాడు ఇంత. మొయ్యని నాడు సగం. మోయకుంట మోసినంత తింటే, తిన్నదే బస్తా అయితది బిడ్డా. దాన్ని దించెటోడు ఉండడు."

చెప్పి, మజ్జిగ పోసుకుని తిని, నాకు దండం పెట్టి పోయిండు. నేను చెయ్యి కడగకుండ అట్లనే కూసున్న. మా జీవాలు అమ్మి తొమ్మిదేండ్లాయె. వాటి వెంట గుట్టలెక్కి దిగిన నాటి అన్నమే నేను ఇప్పటికీ తింటున్న. అక్క కూడ అంతే తిన్నది. మాకు ఎవరూ చెప్పలేదు అనడానికి లేదు. మంజుల చెప్పింది, నోటితోని కాదు, చేతితోని. ఆ చెయ్యినే నేను మందిలో పట్టి ఆపిన.

మిర్యాలగూడ

ఇంకొక బస్సు దొరికి మిర్యాలగూడలో దిగంగనే ఉడికిన వడ్ల వాసన వచ్చింది. ఊరంత మిల్లులు. దండేల మీద ఆరేసిన బట్టల మీద కూడ సన్నటి ఊక పడి ఉంటది. అక్క ఇల్లు మిల్లు గోడ వెనక గల్లీలో. మంజుల వాకిట్లోనే ఉన్నది.  నన్ను చూసి, లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి, "రా చిన్నత్తమ్మ, కాళ్లు కడుక్కో" అన్నది. ఏం చెయ్యాల్నో ఒక్కటి తక్కువ చెయ్యలేదు. అదే నాకు కత్తి లెక్క తగిలింది.

ఆమె పొయ్యి మీద కూర ఎక్కించింది. నేను వంటింటి గడప కాడ కూసున్న. తోవంత కూడబెట్టుకున్న మాటలు ఒక్కటి గుర్తుకు రాలేదు. సైదమ్మ చెప్పింది, నేను తప్పన్న మంజులా, నాకు తెల్వక అన్న అని మాత్రం అన్న. ఆమె కూర కలుపుకుంటనే ఉన్నది. ఎనక్కి తిరగకుండ అన్నది:

"తెల్వకపోతే అడగాలె గద, చిన్నత్తమ్మ. ఒక్కసారి పక్కకు పిలిచి అడిగినా చెప్పేదాన్ని."

 మందిలో అన్న మాటకు మందిలోనే తప్పు ఒప్పుకోవాలెనని నా మనసులో ఉండె. సైదమ్మను పిలుస్త, వాడకట్టోళ్లను పిలుస్త, అందరి ముందర నీ కాళ్లు పట్టుకుంట అన్న. మంజుల గంటె పక్కన పెట్టి నా దిక్కు తిరిగింది. కోపం లేదు ఆ మొఖంలో. అలసిపోయి ఉన్నది.

"వద్దు. అప్పుడు నన్ను అడగలే. ఇప్పుడు సుత అడగకుంటనే పిలుస్తవా? వాళ్లు మళ్ల నా మొఖం సూస్తరు. మళ్ల నెల రోజులు నా ఇంటి ముచ్చటనే పెడతరు. నాకు వద్దు."

ఆమె అన్నది నిజం. నా పాపం దించుకోనీకి కూడ ఆ పిల్లనే మందిలో నిలబెట్టబోయిన.  కొంచెం సేపటికి తనే, ఎవరికో చెప్తున్నట్టు, దవాఖాన సంగతి చెప్పింది. కోసినంక అక్కకు ఏమీ పెట్టొద్దన్నరట. రెండోనాడు అక్క మెల్లగ, "పచ్చిపులుసు ఇంత పొయ్యవా బిడ్డా" అని అడిగిందట. రేపు పోస్త అత్తమ్మ, రేపు డాక్టరు పొయ్యమంటడు అని చెప్పిందట. "ఆఖరుకు సుత నేను పెట్టని కోడల్నే అయిన" అన్నది మంజుల. అని, ఉల్లిగడ్డలు కోసుకుంట కూసున్నది. ఆమె కండ్లు తుడుచుకోలేదు. నేను కూడ తుడవలేదు, దగ్గరికి పోయే హక్కు నాకు లేదు.

మిల్లు నుంచి శ్రీను వచ్చిండు. దినాల నాటికంటే ఒళ్లు చేసిండు. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతున్నడు. నలభై నిండలేదు, బీపీ గోలీలు వేసుకుంటున్నడట. మంజుల మా ఇద్దరికీ పళ్లాలు పెట్టింది. శ్రీను పళ్లెంలో గంటె మీద గంటె, గంటె మీద గంటె, అన్నం కుప్ప పోసింది. నా పళ్లెంలో కూడ అంతే. పోసేటప్పుడు ఆమె పళ్లెం దిక్కు చూడలేదు, గోడ దిక్కు చూసింది. పిలగానికి బీపీ ఉన్నదంటివి గదనే అని నేను మెల్లగ అన్న.

"ఇగ నేను ఎవ్వరికి తక్కువ పెట్ట, చిన్నత్తమ్మ. ఎవరిది వాళ్లు తిననీ. నా చెయ్యి ఇగ కొలువది."

అప్పుడు నాకు తెలిసింది. నేను అన్న మాట అక్కతోని పోలేదు. ఆ ఇంట్లో ఇంకా వడ్డన చేస్తనే ఉన్నది, అక్క కొడుకు పళ్లెంలో. మంజుల నన్ను క్షమిస్తదా లేదా అన్నది నా ఒక్కదాని బాధ. శ్రీను ముందరున్న కుప్ప మాత్రం ఈ పొద్దు పని.

నేను శ్రీనుతో చెప్పిన. "నాయినా, నేను ఆనాడు మందిల అన్నది అబద్దం. నీ పెండ్లాం మీ అమ్మను బతికించుకుంటుంటే నేను అడ్డం పడ్డ. ఆమె ఎంత పెడితే అంతే తిను. ఎవరన్న అడిగితే, మా చిన్నమ్మ నోరు మంచిది కాదు, ఆమెనే ఒప్పుకున్నది అని చెప్పు."

శ్రీను పళ్లెంలోకి చూసిండు. వాళ్లమ్మ బతికున్నప్పుడు ఇగ కొలుచుడు బంద్ చెయ్యి అన్నది తనే. అది కూడ ఆయనకు గుర్తుకొచ్చి ఉంటది. పళ్లెం ఇంత ముందుకు జరిపి, "తియ్యి, మంజులా" అన్నడు.

మా ఇండ్లల్లో పెట్టిన అన్నం తియ్యరు. పెట్టి తీస్తే నోటికాడి కూడు గుంజినట్టే. మంజుల కదలలేదు. "నేను చెయ్యి పెట్టలే. ఇంక ఎంగిలి కాలే. తియ్యి" అన్నడు మళ్ల. ఆమె గంటె తీసుకున్నది. ఒక గంటెడు తీసి గిన్నెలో వేసింది. ఆగింది. ఇంకొక గంటెడు తీసింది. మూడోది తీసి, పళ్లెం దిక్కు చూసి, ఖాళీ జాగలో కూర వేసింది. ఈసారి గోడ దిక్కు చూడలేదు.

నా పళ్లెం కూడ కొంచెం జరిపిన. ఆమె చూసింది. కాని నా పళ్లెంలోది తియ్యలేదు. నా అన్నం మీద ఇంకొంచెం పులుసు పోసి లోపలికి పోయింది. కొలిచి పెట్టాలంటే ఎదుటి మనిషంటే భయం ఉండొద్దు, ఆ మనిషి మీద మనసు ఉండాలె. నాకు చుట్టానికి పెట్టినట్టు పెట్టింది. నేను సంపాదించుకున్నది అదే. ఎంత తినగలనో అంత తిని, మిగిలిన మెతుకులకు మనసులోనే దండం పెట్టుకుని చెయ్యి కడుక్కున్న.

పొయ్యేటప్పుడు బొట్టు పెట్టింది. మళ్ల రా అనలేదు. మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు సీదా బస్సు ఉంటది, తొందరగనే ఇంటికి వచ్చిన.

ఇంటికి వచ్చినంక

పదిహేను రోజులైంది. ఇష్టమైనవే మా కోడలితో వండించుకుంటున్న, తక్కువ తింటున్న, మెల్లగ తింటున్న. రెండు కిలోలు తగ్గిన. మోకాలు ఇంత నయం అనిపిస్తది. మా పక్కింటామె నిన్న వచ్చి, ఏమక్కా చిక్కిపోతున్నవు, కోడలు సరిగ్గ చూస్తలేదా అన్నది. ఆమెను కూసోబెట్టి ఈ కథ మొత్తం చెప్పిన. తోవలో నన్ను నవ్వించినోళ్లకు, కూసోబెట్టినోళ్లకు, ఒక్క అట్టుతో సంతోషంగ పంపినోళ్లకు, బస్తా మాట చెప్పిన తాతకు దండాలు.

మా అక్కను తలుచుకోమని మిమ్ముల అడగను. అక్క స్వామి పాదాల కాడ ఉన్నది, ఆమెకు ఇగ ఏ లోటూ లేదు. నేను అడిగేది మంజుల గురించి. పొద్దుగాల దీపం పెట్టుకున్నప్పుడో, పళ్లెం ముందర కూసున్నప్పుడో ఆ పిల్ల పేరు ఒక్కసారి తలుచుకోండి. పదకొండు నెలలు ఒక్కో గిన్నె కొలిచి, మా అక్కను పన్నెండు కిలోలు తగ్గించింది. ఆ సంగతి మందిలో ఎవరూ చెప్పలేదు. మీకైనా తెలిసి ఉండాలె.